వజ్రాల చేలో నల్లద్దాలు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: పేదోళ్లకు ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో ఎవరో ఒకరు విడమరిచి చెబితే చాలు, కష్టాలన్నీ తీరిపోతాయని. ఆ చెప్పే మనిషిని నేనేనని కూడా. డిగ్రీ కాగానే అలాంటి పనే చేసే ఒక చిన్న సంస్థలో చేరితే, వజ్రకరూరు పక్క ఒక పల్లె నాకు అప్పజెప్పినారు. బస్సు కండక్టరు నన్ను చూసి ఇంకా స్కూలు పాసే అడుగుతుండేవాడు కాబట్టి, పల్లెలో దిగుతూనే గొంతు బరువు చేసుకునేదాన్ని. (అద్దం ముందు సాధన చేసిన గొంతు అది.)

పింఛన్ల గురించి చెప్పినాను, ఉచిత కంటి ఆపరేషన్ల గురించి చెప్పినాను. ఎవరూ కదల్లేదు. "ఊరికే ఇస్తారంటే ఏందో మెలిక ఉంటాదిమ్మా" అన్నాడొక పెద్దాయన. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిన ఒక అవ్వ మాత్రం గోడకానుకుని అంతా విని, "ఆఫీసరమ్మా, ఆపరేషను చేస్తే నేల మింద చిన్న రాయి కనపడతాదా?" అనడిగింది. కనపడుతుందన్నాను. "అయితే వస్తా." తొలకరి పడితే ఆ పక్క చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. చూపు మందగించి అవ్వకు కూలిపనీ పోయింది, ఆ వెతుకులాటా పోయింది. రెండోదానికే ఎక్కువ దిగులు. (ఎప్పుడన్నా దొరికిందా అంటే, "దొరికింటే ఈడ నీతో మాట్లాడతా కూచుంటానా" అనింది.)

అనంతపురంలో ఒక కంటికి ఆపరేషను. లోపలికి పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పినావని పోతాండా ఆఫీసరమ్మా. ఉండే మసక చూపూ పోతే నాకు గంజి పోసేవాళ్లు లేరు" అనింది. అంతవరకూ నాకా ఆలోచనే రాలేదు. వరండాలో కూర్చుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కినాను. మరుసటి రోజు కట్టు విప్పినాక అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నువ్వెవురు పాపా? ఆఫీసరమ్మ యాడికి పోయింది?" అనింది. నేనే అవ్వా అన్నాక గొంతు గుర్తుపట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంత పిల్లను నమ్మి కన్ను ఇచ్చినానా."

కొన్ని వారాలు వంగకూడదు, దుమ్ములో తిరగకూడదు అన్నాడు డాక్టరు. ఆ వారంలోనే తొలకరి పడింది. నేను పోయేసరికి అవ్వ ఇంట్లో లేదు. చేనికి పరుగెత్తితే, ఆస్పత్రిలో ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని ఎర్రమన్ను మీదికి వంగి ఉంది. "అవ్వా, వంగొద్దని చెప్పలేదా?" అన్నాను బరువు గొంతుతో. తల ఎత్తకుండానే, "ఆ గొంతుకు ఇంగ భయపడను పాపా. మొగం చూసినా కదా" అనింది.

చివరికి రాజీపడినాం. అవ్వ గట్టు మీద, నేను చేలో. "అద్దో, కుడిపక్క మెరిసె" అని ఆమె కేకేయడం, నేను పరుగెత్తి గాజుపెంకో, సీసా ముక్కో తెచ్చివ్వడం, ఆమె కంటి దగ్గర పెట్టుకుని చూసి విసిరేయడం. పొద్దు గుంకేదాకా అదే పని. ఊరికొచ్చినాక అవ్వే అందరికీ చెప్పింది, "కన్ను బాగుండాది, ఆ పిల్లను నమ్మొచ్చు" అని. నేను నెలంతా అరిచినా కదలనోళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చినారు.

అవ్వ ఇప్పుడు లేదు. ఆఫీసులో నాకొక గదీ బల్లా వచ్చినాయి; సాయం కోసం వచ్చినవాళ్లు కూర్చోమన్నా కూర్చోరు, చేతులు కట్టుకుని నిలబడతారు. తొలివాన పడిన రోజు మాత్రం పని సాగదు. గట్టు మీదినుంచి ఎవరన్నా కుడిపక్క చూడమంటే బాగుండనిపిస్తుంది. అవ్వ సంగతి తెలీదు గానీ, ఆ సాయంత్రం చేలో నేను నిజంగా వజ్రం దొరుకుతుందనే వెతికినాను.