ఇద్దరికీ ఒకటే ఇన్‌బాక్స్

మా ఇంట్లో రెండు కంప్యూటర్లకూ ఒకే మెయిల్ కలిపింది నేనే. ఎవరూ అడగలేదు. అంతకు ముందు ఇంటికంతా ఒకటే మెయిల్, అది నా ల్యాప్‌టాప్‌లో ఉండేది. మా ఆయనేమో ముందు గదిలో పాత డెస్క్‌టాప్ దగ్గర కూర్చుని, "గా పార్టీ మెయిల్ వచ్చిందా సూడు" అని రోజుకు పదిసార్లు కేకేసేవాడు. దూలపల్లిలో మాకు చిన్న లేత్ షెడ్డు ఉంది. పొద్దున పదకొండు దాకా ఇంట్లో కూర్చుని కొటేషన్లు పంపుతాడు, తర్వాత షెడ్డుకు పోతాడు. ఆ పదకొండు లోపల నన్ను ఒక్క పని సరిగా చేసుకోనిచ్చేవాడు కాదు. విసుగుపుట్టి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుని, అదే మెయిల్‌ను ఆయన కంప్యూటర్లోనూ పెట్టేశాను. ఇగ నన్ను పిలవకు అని చెప్పాను.

పట్టినదాన్ని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. అదే ఊపులో కాంటాక్టులు కూడా కలిపాను. నావన్నీ చర్చివాళ్ల నంబర్లు, మెయిళ్లు. ప్రతి శుక్రవారం ఆ వారపు ప్రార్థన అంశాలు టైపు చేసి సంఘంలో అందరికీ పంపేది నేనే. ఆయనవన్నీ ఇనుము, వెల్డింగు, బేరింగులు. రెండూ ఒక్క జాబితాలో పడ్డాయి. మొదటి వారంలోనే ఆయన పాస్టరమ్మ గారికి వంద ఇనుప బుషుల కొటేషన్ పంపాడు. ఆమె "దేవునికి స్తోత్రం" అని జవాబిచ్చింది. పార్టీ ఒప్పుకుందనుకుని ఆయన సంతోషపడ్డాడు.

ఇద్దరం అలవాటు పడ్డాం. కొత్త మెయిల్ రెండు చోట్లా లావు అక్షరాలతో కనబడుతుంది. ఒకరు తెరిస్తే రెండో చోట కూడా మామూలు అక్షరాలవుతాయి. ఆయన చదివాడో లేదో నాకు అడగకుండానే తెలిసేది. ఇది నాకు మహా గొప్పగా ఉండేది.

చలికాలం మొదట్లో స్నానం చేస్తుంటే చంక పక్కన గట్టిగా చేతికి తగిలింది. వారం రోజులు రోజూ తడుముకుని చూశాను. పోలేదు. కొంపల్లిలో ఒక డాక్టరమ్మకు చూపిస్తే సూది పరీక్ష చేయించమని రాసింది. ఆయనకు శామీర్‌పేటలో బాలింతను చూడడానికి పోతున్నా అని చెప్పి బయల్దేరాను. అబద్ధం మరీ నిండుగా ఉండకూడదని పరీక్ష అయ్యాక నిజంగానే శామీర్‌పేట పోయి, ఆ పసిపిల్లను ఎత్తుకుని పది నిమిషాలు కూర్చున్నాను. అంతవరకూ బాగానే ఉంది. తిరుగు బస్సులో టికెట్టు మడతపెడుతుంటే గుర్తొచ్చింది. ల్యాబులో కౌంటర్ అమ్మాయి మెయిల్ ఐడీ అడిగితే గుక్క తిప్పుకోకుండా ఇంటి మెయిల్ చెప్పాను. నాకు వేరేది ఉంటే కదా.

దిగగానే ల్యాబుకు ఫోన్ చేశాను. ఒకసారి ఎక్కించాక మార్చలేమన్నారు. గురువారం దానంతటదే మెయిల్ పోతుందట. అది సోమవారం. మూడు రోజులు.

ఆయనకెందుకు చెప్పలేదంటే, రెండు కారణాలు. ఆయన అక్క ఇదే జబ్బుతో పోయింది. ఆ ఏడాది ఆయన షెడ్డుకు సరిగా పోలేదు, అన్నం ముందు కూర్చుని లేచేవాడు. ఆ మనిషిని మళ్లీ అలా చూసే ధైర్యం నాకు లేదు. రెండోది మైకు. మా చర్చిలో ఆదివారం ప్రార్థన అంశాలు మైకులో పేర్లతో సహా చదువుతారు. ఒకసారి పేరు పడిందంటే ఆ సాయంత్రానికి బ్రెడ్డూ యాపిల్ పండ్లూ పట్టుకుని సగం సంఘం ఇంటికొస్తుంది. ప్రేమతోనే వస్తారు. కానీ గుమ్మంలో అడుగుపెడుతూనే మన మొహం వంక చూసే చూపు ఒకటి ఉంటుంది. ఎన్నో ఇళ్లకు నేనూ పోయాను, నేనూ ఆ చూపే చూశాను. ఈయన భయమేస్తే దాచుకోలేడు. సోమవారం తెలిస్తే మంగళవారానికి పాస్టరు గారి దాకా పోతుంది.

మంగళవారం పొద్దున ఆయన టీ తాగుతుంటే ముందు గదిలోకి చీపురు పట్టుకుని పోయి డెస్క్‌టాప్ నెట్ వైరు పీకేశాను. గురువారం దాకా అలాగే ఉంటుందనుకున్నాను. ఆయన నెట్‌వాళ్లకు ఫోన్ చేశాడు, వాళ్లు వైరు చూసుకోమన్నారు, బోర్లా పడుకుని చూసుకుని పెట్టుకున్నాడు. బుధవారం మళ్లీ పీకాను. మళ్లీ పెట్టుకుని, ఇంట్లో ఎలుకలు పడ్డాయని బోను తెచ్చాడు. పాస్‌వర్డ్ మారుద్దామా అంటే, ఎందుకు మార్చినవ్ అని అడుగుతాడు, ఇంకో అబద్ధం కావాలి. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆయన మాట్లాడకుండా తిన్నాడు, దానికీ నాకు కోపమే వచ్చింది. ప్రతి ఐదు నిమిషాలకోసారి వెనక గదిలోకి పోయి ఇన్‌బాక్స్ చూడడం, రావడం. ఏం పని చేస్తున్నానో, ఎక్కడ నిలబడ్డానో తెలిసేది కాదు.

గురువారం ఇడ్లీ పాత్ర దింపి వచ్చి చూస్తే రిపోర్టు వచ్చి ఉంది. లావు అక్షరాల్లో ఉంది. ఆయన ముందు గదిలో ఎవరితోనో ఫోన్లో బేరింగుల గురించి మాట్లాడుతున్నాడు. ఇంకా చూడలేదు. ముందు ఆ సంగతికే ఊపిరి పీల్చుకున్నాను, చూడండి నా తెలివి. తర్వాత తెరిచాను.

క్యాన్సరే. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే గడ్డ చిన్నదే, ఆపరేషన్ చేస్తే సరిపోవచ్చు, సోమవారం రండి అంది. రెండుసార్లు చెప్పింది, మీ ఆయనను తీసుకుని రండి అని. సరేనన్నాను. ఆ మెయిల్‌ను "పాత కరెంటు బిల్లులు" అని కొత్త ఫోల్డరు చేసి అందులో పడేశాను. ఆ పేరు చూస్తే ఈయన జన్మలో తెరవడు. ఇక సోమవారం లోపల చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక ఆ రోజంతా చీరలన్నీ కిందికి దించి మళ్లీ మడతపెట్టాను.

శుక్రవారం పొద్దున పాస్టరు గారు ఎప్పటిలాగే ఆ వారం ప్రార్థన అంశాలు పంపారు. ఒకాయన మోకాలి ఆపరేషను, దుండిగల్ కాలేజీలో పిల్లల పరీక్షలు, ఒకరి కొత్త ఇంటి పునాది. చివర్లో ఒక్క మాట. "ఒక సహోదరి ఆరోగ్యం కొరకు. పేరు చదవవద్దు."

ఇన్నేళ్లలో అలాంటిది రాలేదు. ఎవరో పాపం అనుకున్నాను. నాలాగే మైకుకు భయపడ్డది ఇంకొకతి ఉందన్నమాట. ఎవరై ఉంటారని మనసులో సంఘంలోని ఆడవాళ్లందరినీ వరసగా తిప్పాను. ఆమె ఎవరో తెలిస్తే పోయి పక్కన కూర్చునేదాన్ని, నిజంగా అనిపించింది.

టైపు చేయడానికి పోయిన వారం జాబితా నమూనాగా తీసుకుందామని సెంట్ ఫోల్డరు తెరిచాను. పంపిన మెయిళ్లు కూడా ఇద్దరివీ అక్కడే పడతాయి. ఆ సంగతి ఆయనకు గుర్తులేదు. కొటేషన్ల మధ్య పాస్టరు గారికి పోయిన మెయిల్ ఉంది. గురువారం పొద్దున, నేను ఇడ్లీ పిండి కలుపుతున్న వేళకు పోయింది.

"అయ్యగారూ, మా ఇంటామెకు రిపోర్టు వచ్చింది. మంచిగ లేదు. ఆమె నాకు చెప్పలేదు. నేను చూసినట్టు ఆమెకు తెలవద్దు. పేరు చదవకండి, ఆమెకు నచ్చదు. నాకు మస్తు భయంగా ఉన్నది. ప్రార్థన చేయండి."

నాకంటే ముందే చదివాడు. చదివి, మళ్లీ చదవనట్టు లావు అక్షరాల్లోకి మార్చి పెట్టాడు. ఆ పని ఎలా చేయాలో ఆయనకు నేర్పింది నేనే, పార్టీల మెయిళ్లు మర్చిపోకుండా ఉండడానికి.

మొదట కోపమే వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ముందు గదిలోకి పోయాను. పదకొండు దాటింది, షెడ్డుకు పోలేదు. తెర మీద ఏమీ లేదు, ఊరికే కూర్చున్నాడు.

"రిపోర్టు సదివినవా?" అన్నాను.

"సదివిన" అన్నాడు.

"మల్ల సదవనట్టు ఎందుకు వెట్టినవ్?"

"గది నీ రిపోర్టు. నువ్వు ముందుగాల సూడాలె గదా."

ఆయన నా వైపు తిరగలేదు. కీబోర్డు మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, అక్క సంగతి చెప్పాడు. అప్పుడు ఇంట్లో అందరూ కలిసి జబ్బు పేరు ఆమెకు తెలియకుండా దాచారట. ఇది నాకు తెలుసు, ఆ దాచినవాళ్లలో నేనూ ఉన్నాను. తెలియనిది తర్వాత చెప్పాడు.

"అక్కకు ఎరికే. ఎరికై గూడ మా కోసం ఎరిక లేనట్టున్నది. ఆఖరి దినాలల్ల నాతోని వానల గురించి మాట్లాడింది. ఇగ నువ్వు గూడ గట్లనే మాట్లాడతవేమో అని నిన్న పొద్దుగాల సంది సూస్తున్న. అడుగుదామంటే నోరు రాలే."

ఈ వారమంతా ఆయనతో ఉప్పు గురించి, ఎలుకల గురించి మాట్లాడాను. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏడ్చాను, ఆయనా ఏడ్చాడు. సోమవారం డాక్టరమ్మ నిన్ను తీసుకురమ్మంది అని చెప్పాను. ఎన్ని గంటలకు అని అడిగాడు.

తర్వాత వెనక గదిలోకి వచ్చి ఆగిపోయిన జాబితా పూర్తి చేశాను. చివరి మాట దగ్గర కాసేపు ఆగాను. పేరు పెట్టలేదు, అంత ధైర్యం ఇంకా రాలేదు. "ఒక సహోదరి ఆరోగ్యం కొరకు" అన్న చోట "ఒక సహోదరి కొరకు, ఆమె భర్త కొరకు" అని మార్చి సంఘానికంతా పంపాను.