ఎస్తేరమ్మ గీయించిన ఎర్ర గీతలు

ఫినాయిల్ వాసన తగిలితే చాలు, మంచిర్యాలలోని ఒక నర్సింగ్ హోం బల్ల కళ్ల ముందుకు వస్తుంది. గర్భసంచి తీసేయడానికి ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టబోతున్నాను. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు. వెంట వచ్చిన ఎస్తేరమ్మ సిస్టర్ నా చేతిలోంచి పెన్ను లాక్కుని తన సంచిలో వేసుకుంది. "ఆగు బిడ్డా. మూడు నెలలైనంక గూడ ఇదే కావాలంటే నేనే తోలుకొస్త" అంది. మా అత్తమ్మ ముఖం మాడిపోయింది. నాకు సిస్టర్ మీద ఒళ్లు మండింది. నిజానికి ఆ వారమంతా అందరి మీదా మండుతూనే ఉంది.

ఎస్తేరమ్మ మా ఆయన పనిచేసే బొగ్గుగనుల కంపెనీ దవాఖానలో నర్సుగా చేసి రిటైరై, సెంటినరీ కాలనీలో మా పక్క క్వార్టర్‌లో కొడుకు దగ్గర ఉండేది. నేను ఒక దినపత్రికకు కాలనీ వార్తలు రాసేదాన్ని. నెలలో పది రోజులు నేను నేనుగా ఉండేదాన్ని కాదు. ఏడుపు, నిద్ర లేకపోవడం, చిన్న మాటకే భగ్గుమనడం. కూరలో ఉప్పు తక్కువైందా అని అడిగినందుకు మా ఆయన డ్యూటీకి తీసుకెళ్లే టిఫిను బాక్సును వాకిట్లోకి విసిరాను. బతుకే వద్దనిపించిన రోజులూ ఉన్నాయి. నెలసరి మొదలైన రెండో రోజుకల్లా అంతా సర్దుకునేది. సిగ్గు మాత్రం మిగిలేది.

బొగ్గుబావి ఇళ్లలో ఏ గొడవకైనా నైటు షిఫ్టునే తిట్టుకుంటారు. రెండుసార్లు నా కోపం ఆయన నైటు షిఫ్టు వారంలోనే రావడంతో మా ఇంట్లోనూ కారణం దొరికిపోయింది. నేనూ నమ్మాను. ఆయన ఎవరినో బతిమాలి ఒక నెల షిఫ్టు మార్చుకున్నాడు. కోపం మళ్లీ వచ్చింది. రక్తం తక్కువన్నారు, మాత్రలు మింగాను. చివరికి అత్తమ్మ చెల్లెలు "తీసేస్తే పీడ పోతది" అంది. అలా ఆ బల్ల దాకా వెళ్లాం.

తిరిగి వచ్చాక సిస్టర్ మా గోడ మీది క్యాలెండరు దించింది. అందులో మా ఆయన షిఫ్టులు రాసి ఉంటాయి.

"షిఫ్టు మూడు వారాలకు తిరుగుతది. నీది నాలుగు వారాలకు. చెడ్డ రోజులకు ఎర్ర గీత పెట్టు, ఏది దేని ఎంట పోతుందో చూద్దాం."

"గిదంత గీసుకుంట కూసుండాల్నా సిస్టరమ్మా?"

"నల్లా నీళ్లు ఏ పూట రాలేదో తారీఖు ఏసి పేపర్ల రాస్తవు. నీ ఒంటికి తారీఖు లేదా?"

కసిగా గీశాను. మూడు నెలల్లో ఎర్ర గీతలు ఒకసారి నైటు షిఫ్టు వారంలో, ఒకసారి మొదటి షిఫ్టులో, ఒకసారి రెండో షిఫ్టులో మొదలయ్యాయి. ప్రతిసారీ నెలసరికి ముందే పడ్డాయి.

ఆ క్యాలెండరు చూసి కరీంనగర్ డాక్టరమ్మ, ఇది నెలసరికి ముందు అండాశయాల హార్మోన్లు మారేటప్పుడు మనసుకొచ్చే జబ్బని, దానికి దారులు చెప్పింది. మనసు కుదుటపరిచే మాత్ర రోజూ వేసుకోవచ్చు, లేదా నెలసరికి ముందు పక్షం రోజులే వేసుకోవచ్చు. కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలూ పనిచేస్తాయి. అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీస్తే నెత్తురు ఆగుతుంది గానీ ఈ బాధ ఆగదు. ఇంత చిన్న సంగతి ఆ నర్సింగ్ హోంలో ఎవరూ చెప్పలేదు.

అత్తమ్మ మాత్రం "మనసు మందులా? పిచ్చిదంటరు" అని గునిసింది.

"షుగరు గోలీ మింగుతవు గద అక్కా, నిన్నెవరన్న చక్కెర పిచ్చిదన్నరా?" అంది సిస్టర్.

ఆమె పోయి రెండేళ్లయింది. ముందుగా దొరికిన కారణాన్ని అనుమానించడం ఆమె నేర్పినంత గట్టిగా పత్రికలో ఎవరూ నాకు నేర్పలేదు. ఇప్పటికీ ఎవరైనా "నైటు షిఫ్టు కదా, అంతే" అంటే చిరాకు ఆపుకోలేను.

గర్భనిరోధక మాత్రలతో తలనొప్పి వచ్చి మానేశాను. పక్షం రోజుల మాత్రతో పది చెడ్డ రోజులు మూడయ్యాయి. రోజూ వేసుకుని చూస్తే ఆ మూడూ పోతున్నాయి గానీ, పగలంతా మత్తుగా ఉండి రాయలేకపోతున్నాను. ఈ రెండింటిలో ఏది ఉంచుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.