నల్లసంచిలో చేతులు

ఫిల్మ్‌నగర్ వాళ్లకు కస్టమ్స్ అంటే కిరాణా కొట్టని ఒక భ్రమ ఉండేది. "మా డబ్బాలొచ్చాయి మేడం, తెచ్చేయండి" అని ఫోను పెట్టేసేవారు. మా పుష్పవల్లి గారు మళ్లీ ఫోను చేసి ఓపిగ్గా చెప్పేవారు. సరుకు విమానం ఎక్కిందనడానికి ఎయిర్‌వే బిల్లు కావాలి. లోపల ఏముందో, ధరెంతో చెప్పే ఇన్‌వాయిస్ కావాలి. ఆ రెండూ పట్టుకుని మేం బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి పత్రం వేస్తేనే సుంకం సంగతి తేలుతుంది. ఆలస్యమైతే గోదాము వాళ్లు డెమరేజి అని రోజుకింత అద్దె వడ్డిస్తారు. అవతలివాళ్లు ఊఁ కొట్టేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆవిడ విశాఖ రేవులో గుమాస్తాగా చేసి, పరీక్ష రాసి, సొంతంగా క్లియరింగ్ లైసెన్సు తెచ్చుకుని శ్రీనగర్ కాలనీలో ఆఫీసు పెట్టారు. అందులో నేను టైపిస్టుని. ఆవిడకు మనుషుల మీదకన్నా కాగితాల మీదే నమ్మకం. సినిమా మీద మాత్రం వెర్రి ప్రేమ. సినిమావాళ్ల పనంటే సగం ఫీజుకే ఒప్పుకునేవారు, నాకు ఒళ్లు మండేది.

తొంభై ఒకటిలో ఒక సినిమా కంపెనీ విదేశాల మంచుకొండల్లో పాట షూటింగు చేసుకొచ్చింది. ఇంకా కడగని నెగటివ్ డబ్బాలు బేగంపేట కార్గోలో దిగాయి. ప్రొడక్షన్ మేనేజరు చలపతిరావు మా వెంటే వచ్చాడు. ఉక్కపోత లేకపోయినా రుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఎక్స్‌రే వద్దంటరు, మూత తియ్యొద్దంటరు. గిట్లయితే నేనేం జూసి సంతకం పెట్టాలె?" అన్నాడు కస్టమ్స్ ఆఫీసరు వీరభద్రం. "డబ్బాలల్ల బంగారం వస్తున్నదని మాకు ఖబరుంది."

"వెలుగు తగిలినా, ఎక్స్‌రే పడినా పాట పోయినట్టేనండీ. హీరోయిన్ డేట్లు మళ్లీ దొరకవండీ" అని చలపతిరావు చేతులు జోడించాడు.

పుష్పవల్లి గారి మనసు కరిగిపోయింది. "ఈ సరుకుకు నేను పూచీ" అన్నారు.

"లైసెన్సు మీద చెప్తున్నరా?"

"లైసెన్సు మీదే చెబుతున్నానండీ."

డబ్బాలో బంగారం దొరికిందంటే మా ఆఫీసుకు తాళమే. ఆవిడే ఒక ఉపాయం కూడా చెప్పారు. కెమెరావాళ్ల దగ్గర ఒక నల్లసంచి ఉంటుంది. దానికి జిప్ వేసి, రెండు చేతులూ లోపలికి దూర్చి, చీకట్లో తడుముతూ ఫిల్ము మారుస్తారు. డబ్బాని అందులో తెరిస్తే వెలుగు సోకదు.

"అబ్బే, అదంతా ఎందుకండీ" అన్నాడు చలపతిరావు. అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. బయట ఉన్న యూనిట్ వ్యాన్ నుంచి సంచి వచ్చింది.

వీరభద్రం ఒక డబ్బా ఎంచి సంచిలో పెట్టించాడు. "నాకు గీ ఫిల్ము సంగతి తెల్వదు. ఖరాబైతే నా మీద పడ్తది. మీరే తెరువుండ్రి మేడం" అన్నాడు.

పుష్పవల్లి గారు చేతులు దూర్చారు. లోపల టేపు ఊడుతున్న చప్పుడు వినిపించింది. మోచేతులు మెల్లగా కదిలాయి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. చలపతిరావు ఆవిడ వైపు చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. అప్పుడు నాకు అర్థమైంది. పాట, పాట అని వాడు గోల పెట్టింది పాట కోసం కాదు.

"ఏమన్న తాకిందా?" అడిగాడు వీరభద్రం.

లేదంటే సరిపోతుంది. సంచిలోది ఆవిడ వేళ్లకు తప్ప ఎవరికీ కనబడదు. లేదనండి తల్లీ అని లోలోపల మొక్కుకున్నాను.

"ఉందండి" అన్నారు ఆవిడ. "ఫిల్ము చుట్ట పక్కన రెండు బిస్కెట్లు. కాస్త ఆగండి, ముందు డబ్బా మూయనివ్వండి."

మూత బిగించి టేపు చుట్టేదాకా జిప్ ముట్టనివ్వలేదు. ఆ తర్వాత బంగారం బల్ల మీద పెట్టారు. చలపతిరావు గోడకు జారబడ్డాడు.

వీరభద్రం బిస్కెట్లు తిరగేసి చూశాడు. "మీ లైసెన్సు పోతది మేడం."

"తెలుసండీ. మిగతావి కూడా ఇందులోనే తెరుద్దాం, ఎక్స్‌రే మాత్రం వద్దు. వాటిల్లో పాట ఉంది." ఆవిడ కళ్లు తుడుచుకుని ఇంకో డబ్బా అందుకున్నారు.