ఎర్ర మూతది నిండుకుంది

మా బావకి ప్రపంచంలో తెలియని సంగతి లేదు. ఇది నా మాట కాదు, ఆయన మాటే.

ఉద్యోగం మ్యూజియంలో గైడు. పాత నాణేల గది నుంచి తిమింగలం ఎముకల గది దాకా జనాన్ని వెంటేసుకుని తిరుగుతూ రోజంతా చెబుతూనే ఉంటాడు. నాణెం అంచున ఆ సన్నటి గీతలు ఎందుకో తెలుసా అంటాడు. ఒకప్పుడు వెండి నాణేల అంచులు గీకి ఆ పొడి అమ్ముకునే ఘనులుండేవారట. గీతలుంటే గీకినట్టు ఇట్టే తెలిసిపోతుందని పెట్టారట. జనం నోరు వెళ్లబెట్టి వింటారు. అక్కడితో ఆగితే బాగుండును. ఇంటికొచ్చినా అదే పాట. ప్రతి మాటా "ఎందుకంటే" అని మొదలుపెడతాడు కనుక, వీధిలో ఆయన పేరు ఎందుకంటేగారు. ఉల్లిపాయ తరిగితే కళ్లు ఎందుకు మండుతాయో అరగంట చెబుతాడు గానీ, పెళ్లయినప్పటి నుంచీ ఒక్క ఉల్లిపాయ తరిగిన పాపాన పోలేదు. వంటిల్లంటే ఆయనకి తలుపు బయటి నుంచి కనబడే గది, అంతే. ఆయన తప్పు మాత్రం ఏముంది, అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే హాస్టల్లో పెరిగాడు. పళ్లెం పట్టుకుని వరసలో నిలబడితే అన్నం వచ్చేది.

మా అమ్మకీ ఆయనకీ చుక్కెదురు. అమ్మ నూలు మిల్లులో దూది ధూళి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకుంది. ఇప్పుడు అక్కావాళ్లింట్లోనే ఉంటుంది, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో. నేనూ ఆ పక్క వీధే. "నీ మొగుడి నోటికి తగ్గ తాళం ఇంకా ఎవడూ తయారుచెయ్యలేదే" అని అక్కతో అంటూ ఉండేది. ఛాతీ డాక్టరు ఆయాసం వచ్చినప్పుడు పెదాలు చుట్టి మెల్లగా ఊదమని నేర్పించాడు. "ఊదడానికి నేనేమైనా బూర కొనుక్కున్నానా?" అని అమ్మ కొట్టిపారేసింది. బావ మాత్రం అలా ఊదితే ఏమవుతుంది, ఎందుకవుతుంది అని డాక్టరు గడియారం చూసుకునేదాకా వదల్లేదు.

మంచం పక్కన ఎప్పుడూ మూడు చిన్న సిలిండర్లుంటాయి. ఒకటి వాడకంలో, రెండు గోడవార. గోడవార వాటికి ప్లాస్టిక్ మూతలు, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. బయటి నుంచి చూస్తే ఏది ఖాళీయో ఏది కాదో దేవుడికి కూడా తెలీదు. ముల్లు ఉండే మీటరు ఒక్కటే, అది వాడకంలో ఉన్నదానికి బిగించి ఉంటుంది.

ఆ రోజు పొద్దున అక్క ఆఫీసుకి పరుగెడుతూ గుమ్మంలోంచి బావకి ఒక మాట చెప్పి వెళ్లింది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు.

మధ్యాహ్నం అమ్మకి ఆయాసం ఎక్కువైంది. నేను వెళ్లేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఆంబులెన్స్ ఇంకో పేషెంటు కోసం వెళ్లిందని, కారుంటే వెంటనే బయల్దేరమని చెప్పారు. ఆ రోజు బావకి సెలవు కావడం మా అదృష్టం. అమ్మని ఎత్తి, వీపుకి దిండు పెట్టి వెనక సీట్లో కూర్చోబెట్టాం. వాడకంలో ఉన్న సిలిండర్ని నా కాళ్ల మధ్య పెట్టుకున్నాను. బావ లోపలికి పరుగెత్తి ఇంకొకటి తెచ్చి ముందు సీట్లో పడేసి, బండి లాగించాడు.

సగం దారిలో చూద్దును కదా, మీటరు ముల్లు ఎర్రగీతకి దగ్గరగా వచ్చేసింది.

"బావా, నువ్వు తెచ్చింది నిండుదేనా?"

"నిక్షేపంలా! పొద్దున మీ అక్క చెప్పి మరీ వెళ్లింది, 'ఎర్ర మూతది నిండుకుందండీ' అని. అందుకే ఏరి కోరి అదే పట్టుకొచ్చాను."

ముందు సీట్లోని ఎర్ర మూత వంక చూశాను. ఉప్పు డబ్బా బోర్లించి అక్క చెప్పే మాట అది. నూనె సీసా తలకిందులుగా పట్టుకుని అమ్మ చెప్పే మాట. ఈ మహానుభావుడికి ఆ మాట అర్థం తెలియాలంటే ఏనాడైనా వంటింట్లో అడుగుపెట్టి ఉండాలి కదా! గాలి నిండుగా ఉన్న నీలం మూతది ఇంట్లో గోడకి ఆనుకుని హాయిగా ఉంది.

వెనక్కి తిప్పమని అరవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. తిరిగి చూస్తే, కళ్లు పెద్దవి చేసి నా వంకే చూస్తోంది. అమ్మకీ అర్థమైపోయింది. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇల్లు వెనకెక్కడో ఉండిపోయింది, వంతెన దాటితే ఆస్పత్రే. నోరు మూసుకున్నాను. బావ మాత్రం మా ఇద్దరి మొహాలూ చూడకుండా జాగ్రత్తగా గుంతలు తప్పిస్తూ పోతున్నాడు.

వంతెన దగ్గర బండి ఆగిపోయింది. సగానికి అవతల ఒక లారీ పక్కకి ఒరిగి, దాని దుంగలన్నీ రోడ్డుకి అడ్డంగా దొర్లాయి. మేం చూస్తుండగానే మా వెనక కూడా బళ్లు నిండిపోయాయి. ముందుకు లేదు, వెనక్కి లేదు.

ముల్లు ఎర్రగీత దాటింది.

"మార్చేద్దాం, కంగారేం లేదు" అంటూ బావ దిగొచ్చి, మీటరు విప్పి రెండోదానికి బిగించి తిప్పాడు. ముల్లు కదల్లేదు. ఇంకా తిప్పాడు, తట్టాడు. సీసాలో నీళ్లు దాని మీద పోసి అరచేత్తో రాశాడు. వంటగ్యాసుకైతే లోపల ద్రవం ఉంటుంది కనుక తడి ఆరే తీరుని బట్టి మట్టం తెలుస్తుంది. ఇందులో ఉండేది వట్టి గాలి, అది కాస్తా లేదు. ఈ సంగతి మాకు చెప్పినవాడే పిచ్చివాడిలా రాస్తున్నాడు.

"నిండుకుందనే చెప్పింది!" అన్నాడు నావైపు చూసి.

"నిండుకుందంటే అయిపోయిందని, బావా! అయిపోయిందని!"

ఆ క్షణంలో ఆయన పీక పిసికేయాలనిపించింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మీటరు విప్పి మళ్లీ పాతదానికే బిగించి, ఆస్పత్రికి ఫోన్ చేశాడు. వంతెన అవతలి దాకా ఆస్పత్రి బండి వస్తుంది, అక్కడి నుంచి నర్సు సిలిండర్ పట్టుకుని నడిచి వస్తుంది, అప్పటిదాకా ఎలాగోలా ఆపుకోండి అన్నారు. ఊపిరి ఎలా ఆపుకుంటారు తల్లీ?

గొట్టంలో సవ్వడి సన్నగిల్లింది. అమ్మ చేప నోరు తెరిచినట్టు తెరుస్తోంది. బావ రెండో వైపు నుంచి ఎక్కి, అమ్మని నిటారుగా లేపి, ఒళ్లో దిండు పెట్టి, మోచేతులు దాని మీద ఆనించి కాస్త ముందుకు వంచాడు.

"ఊదండి అత్తయ్యా. పెదాలు చుట్టండి. పొంగే పాల మీద ఊదినట్టు, మెల్లగా."

అమ్మ తల ఊపింది, తన వల్ల కాదని.

"ఎందుకంటే" అన్నాడు. "లోపల గాలి గొట్టాలు మెత్తబడిపోయాయి. గబుక్కున వదిలితే అవి ముడుచుకుంటాయి. పాత గాలి లోపలే చిక్కుకుంటుంది. మెల్లగా ఊదితే గొట్టాలు తెరుచుకునే ఉంటాయి. పాతది పోతేనే కదా అత్తయ్యా, కొత్తదానికి చోటు!"

అమ్మ పెదాలు చుట్టింది. ఒకసారి ఊదింది. మళ్లీ ఊదింది. అంతలో బావకి ఏడుపొచ్చి మాట ఆగిపోయింది. ఆయన ఆగగానే అమ్మ ఊపిరి మళ్లీ గతి తప్పింది. జన్మానికి ఆయన మాట వినని మా అమ్మ, వేలెత్తి కిటికీలోంచి కరెంటు తీగ చూపించింది. దాని మీద కాకి.

"అది... ఎందుకు... చావదు?"

బావ కళ్లు తుడుచుకున్నాడు. "ఎందుకంటే" అని ఆగాడు. అమ్మ పీల్చింది. "దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి కాబట్టి." అమ్మ వదిలింది. "కరెంటు..." పీల్చింది. "ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పారుతుంది కనుక." వదిలింది. పీల్చేటప్పుడు పొట్టి ముక్క, వదిలేటప్పుడు పొడుగు ముక్క. కాకి అయిపోయాక రాతి వంతెన ఎత్తుకున్నాడు. కమానులో రాళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఎలా నిలబడతాయో చెప్పాడు. గొట్టంలో సవ్వడి పూర్తిగా ఆగిపోయింది, చెబుతూనే ఉన్నాడు. అమ్మ గోళ్లు నీలంగా మారాయి, కళ్లు మూతలు పడుతున్నాయి. నేను అమ్మ చెయ్యి పట్టుకుని కనబడని దేవుళ్లందరినీ తిట్టాను. దుంగల మీద నుంచి దాటుకుంటూ తెల్ల బట్టల మనిషి కనబడింది. బావ ఆపలేదు. నర్సు తలుపు లాగి మాస్కు పెట్టేదాకా నదీ, రాళ్లూ, బరువూ అంటూనే ఉన్నాడు.

ఆస్పత్రి వరండాలో అక్క వచ్చి విషయం విని నెత్తి కొట్టుకుంది. బావ గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. తలెత్తి నన్నడిగాడు.

"లేనిదాన్ని నిండుకుందని ఎందుకంటారు?"

ఇంట్లోవాళ్లని ఆయన ఒక ప్రశ్న నిజంగా అడగడం నేనెరిగి అదే మొదలు. "ఇంట్లో లేదు అనే మాట వినబడకూడదని, బావా" అన్నాను. నా కోపం అప్పటికి చచ్చిపోయింది.

లోపలికి పిలిచారు. అమ్మ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. బావ మంచం దగ్గరికి వెళ్లి, "నా చేతులతో నేనే మిమ్మల్ని చంపబోయాను అత్తయ్యా" అని భోరుమన్నాడు. అమ్మ నావైపు చూసి మాస్కు ఎత్తింది.

"కారులోనే తెలుసు కదమ్మా నీకు" అన్నాను. "నన్నెందుకు చెప్పనివ్వలేదు?"

"బండి నడుపుతున్నాడే పిల్లాడు" అంది అమ్మ. "చేతులు వణకవూ?"