పట్టపగటి దయ్యం

నా చిన్నప్పుడు నేను దయ్యాన్ని మొట్టమొదట చూసింది మిట్టమధ్యాహ్నం, గండికోటలో. అది ఒక మొండిగోడ నీడన కూచుని బీడీ తాగుతూ ఉంది. ముఖానికి తెల్లరంగు, కళ్ళ చుట్టూ మసి, నెత్తిమీద జనపనార జుట్టు, ఒంటిమీద పాత దుప్పట్లు కలిపి కుట్టిన పొడుగు అంగీ. నన్ను చూసి బీడీ ఆర్పి, "పాపా, రవ్వంత నీళ్ళు పొయ్యి. దయ్యాలకు గూడా దప్పికయితాది" అంది. నేను కుండ పారేసి పరుగెత్తి ఉండాల్సింది. ఆ ఎండలో పరుగెత్తే ఓపిక ఎవరికుంది? నీళ్ళు పోశాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ కోటకు వచ్చింది. కంపెనీ అంటే ఏమో అనుకోకండి. పదిమంది మనుషులు, తోస్తే తప్ప కదలని ఒక వ్యాను, అద్దెకు తెచ్చుకున్న కెమెరా, అంతే. వాళ్ళు తీస్తున్నది దయ్యం సినిమాయే కానీ జనం నవ్వుకోవడానికి తీసేది. ఒక పిల్లవాడు పాడుబడిన కోటలో తప్పిపోతాడు. వాణ్ణి భయపెట్టడానికి దయ్యం వస్తుంది. వాడు గట్టిగా ఏడుస్తాడు. ఆ ఏడుపుకు దయ్యమే హడలిపోయి పారిపోతుంది. ఆ పిల్లవాడి వేషం వేసింది ఆరేళ్ళ ఆడపిల్ల. జుట్టు కత్తిరించి నిక్కరు తొడిగారు. సినిమా అంతటికీ హీరో ఆ పిల్లే.

మాది జమ్మలమడుగు. మా అవ్వ పెళ్ళిళ్ళకు వంటలు చేసేది. ఆ వారం కంపెనీ వాళ్ళకు వండిపెట్టడానికి ఒప్పుకుని, నీళ్ళు మోయడానికి నన్ను వెంటబెట్టుకుపోయింది. బడి ఎగ్గొట్టి సినిమా చూడబోతున్నానని నాకు ఒకటే సంబరం. రెండు రోజులకే ఆ సంబరం చచ్చింది. సినిమా తీయడమంటే ఎండలో నిలబడి ఎదురుచూడటం, అంతకంటే ఏమీ లేదు. అయినా నాలో ఒక దురాశ ఉండేది. ఆ పిల్లకు జ్వరమో గిరమో వస్తే, ఆ నిక్కరు నాకు తొడుగుతారేమో అని. ఇది ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. కానీ నిజం.

దయ్యం వేషం వేసినాయన పులివెందుల పక్క పల్లె మనిషి. వయసులో ఉండగా ఊరూరా నాటకాలాడాడట. దయ్యం కోసం మద్రాసు నుంచి మనిషిని తెచ్చుకునే తాహతు లేక కంపెనీ వాళ్ళు ఆయన్ను పట్టుకున్నారు. నేను దయ్యం తాతా అనేదాన్ని. తెరమీద తన పేరు పడుతుందని ఊళ్ళో అందరికీ చెప్పి వచ్చాడు. రోజుకు రెండుసార్లన్నా ఆ మాట ఎత్తేవాడు. మా అవ్వ సంగటి కెలుకుతూ, "ఏమప్పా, ఆ రంగు పూసుకుంటే నీ పెండ్లామే నిన్ను గుర్తుపట్టదు, ఇంగ పేరు పడి ఏం లాభం?" అనేది. "అందుకే గదక్కా పేరెయ్యమంటాండేది" అని ఆయన నవ్వేవాడు.

రాత్రిపూట రావాల్సిన దయ్యం మధ్యాహ్నం ఎందుకు వస్తుందని నేను అడిగితే ఆయనే చెప్పాడు. రాత్రి తీయాలంటే పెద్దపెద్ద లైట్లు కావాలంట, అవి వీళ్ళ దగ్గర లేవు. అందుకని కెమెరా మూతికి ఒక ఎర్రద్దం బిగించి మండుటెండలో తీస్తారు. తెరమీద అది వెన్నెల అవుతుంది. "మనకు ఎండ గావల్ల పాపా. ఎండ పోయిందంటే ఈళ్ళకు రాత్రి గూడా పోయినట్లే" అన్నాడు. నాకు అది బలే తమాషాగా తోచింది.

నేను కోరుకున్నట్టే ఆ పిల్లకు జ్వరం వచ్చింది. ఆఖరి రోజు అది. మరునాడు పొద్దున్నే కెమెరా ముద్దనూరులో రైలెక్కాలి. మిగిలింది ఒకటే సీను, దయ్యం గోడ దాటి రావడం, పిల్ల ఏడవడం. ఆ పిల్ల ఒళ్ళు పెనంలా కాలుతోంది. వాళ్ళమ్మకు బాగలేక మద్రాసులోనే ఉండిపోతే, నాన్నతో వచ్చింది. పొద్దున్నుంచీ ఏడవమంటే ఏడవలేదు. ఎక్కడో చూస్తూ తూగుతోంది. ఆ చూపు చూశాక నాకు నిక్కరు మీద ఆశ పోయింది. నాకు తొడుగుతామని ఎవరూ అనలేదు కూడా.

నేను నీళ్ళు తీసుకుపోయినప్పుడు డైరెక్టరూ ఆ పిల్ల నాన్నా గోడ పక్కన మాట్లాడుకుంటున్నారు. దయ్యం తాత అక్కడే కూచుని ఉన్నాడు. కంట్లో వేస్తే నీళ్ళు వచ్చే మందు నిన్ననే అయిపోయిందని డైరెక్టరు విసుక్కుంటున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "వాళ్ళమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చిందని చెబుదామండీ. ఒక్క షాటేగా! అయిపోగానే అబద్ధమని చెప్పేద్దాం" అన్నాడు. ఆ తండ్రి భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆయనా అలిసిపోయి ఉన్నాడు. చివరికి, "సరే, కానివ్వండి. తొందరగా కానివ్వండి" అన్నాడు.

నాకు అమ్మ లేదు. మా అవ్వే పెంచింది. ఆ కబురు చెవిన పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. తర్వాత అబద్ధమని చెబితే మాత్రం, విన్నది వినకుండా పోతుందా?

దయ్యం తాత లేచి నిలబడ్డాడు. తగువు పడతాడనుకున్నాను. పడలేదు. చేతులు కట్టుకుని, "సామీ, ముందు నేను వచ్చేది దీసేయండి. రంగు కారిపోతాండాది. బిడ్డది తర్వాత దీసుకుందురు" అన్నాడు. డైరెక్టరుకు ఆ మాట సబబుగానే తోచింది. తాత నా పక్కగా పోతూ, "పాపా, ఆ బిడ్డను నీ ఒళ్ళో పండుకోబెట్టుకో. నేను జెప్పేదాకా లేపాకు" అని గొణిగాడు. కోటలోని పాత ధాన్యం కొట్టు పక్క నీడలో ఆ పిల్ల తల నా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

ఇక మొదలైంది. మొదటిసారి దయ్యం గోడ దాటి వచ్చి రాయి తట్టుకుని బోర్లా పడింది. రెండోసారి జుట్టు కంపచెట్టుకు తగులుకుని అక్కడే ఉండిపోయింది, బోడిగుండుతో దయ్యం ముందుకొచ్చింది. కెమెరా పట్టుకున్నాయన నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. మూడోసారి సరిగ్గా కెమెరా ముందుకొచ్చి, కోట అదిరేలా తుమ్మింది. "ఏమయ్యా, ఇన్నేళ్ళు నాటకాలాడింది ఇలాగేనా?" అని డైరెక్టరు అరిచాడు. "వయసయిపోయింది సామీ, ఇంగొక్కసారి" అని తాత దండం పెట్టాడు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ ఎన్నిసార్లు పడ్డాడో, లేచాడో. మోకాళ్ళు గీరుకుపోయి అంగీమీద నెత్తురు మరకలయ్యాయి. ముసలాయన నిజంగానే ఆయాసపడుతున్నాడు. నా కాళ్ళు మొద్దుబారాయి. కదిలితే ఆ పిల్ల లేస్తుందని కదలలేదు.

అప్పుడు చూశాను. గోడ వెనక నిలబడి, ఎవరూ చూడటంలేదనుకుని, తాత అంగీ అంచును కాలితో తొక్కిపట్టి రెండు చేతులా పైకి లాగాడు. అంగీ నడుందాకా చీలింది. "అయ్యో, సినిగిపాయనే!" అంటూ బయటికొచ్చాడు.

సూదీ దారం మా అవ్వ దగ్గరే ఉన్నాయి, నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తిలో. కుట్టమని పిలిచారు. మా అవ్వ సూది ఎత్తి పట్టుకుని దారం ఎక్కించడానికి కూచుంది. ఎక్కలేదు. దారం తడిచేసింది, నలిపింది, ఎడమకన్ను మూసింది, కుడికన్ను మూసింది. చేటలో బియ్యం పోసి మూడడుగుల దూరం నుంచి అందులో మట్టిగడ్డను కనిపెట్టే మనిషి! డైరెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. "కండ్లు అగపడల్య నాయనా, ఏం జేసేది" అంటుంది అవ్వ. ఎలాగో ఎక్కించి, పెళ్ళిచీరకు అంచు కుట్టినట్టు సన్నగా, నిదానంగా కుట్టడం మొదలుపెట్టింది.

ఇక్కడ నా నోరు గురించి చెప్పాలి. అది ఊరుకోదు. ఇప్పుడూ అంతే. అంతసేపు కదలకుండా కూచున్నాను కదా, లోపల మాటలన్నీ ఉడుకుతున్నాయి. అవ్వ కష్టపడుతోందని జాలేసి గట్టిగా అనేశాను. "అవ్వా, తాతే తొక్కి సింపుకున్యాడు, నేను జూసినా!"

అందరూ ఇటు తిరిగారు. మా అవ్వ చేతిలో సూది ఆగింది. డైరెక్టరు తాతవైపు చూశాడు, తర్వాత కొండవైపు చూశాడు. గోడల నీడలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. నేల మీద చేతివెడల్పు ఎండ కూడా లేదు. ఎర్రద్దానికి ఇక పనిలేదు.

డైరెక్టరు కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదేమో. నెమ్మదిగా, "నీ పేరు తెరమీద పడదు. మా వ్యానులో కూడా ఎక్కొద్దు" అన్నాడు. తాత తలూపి, ముఖం మీది రంగు కొబ్బరినూనెతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

సామాన్లు సర్దుతుంటే ఆ పిల్ల నా ఒళ్ళో లేచింది. జ్వరం కొంచెం దిగింది. కళ్ళు నులుముకుంటూ తాతను చూసి, "నా షాట్ అయిపోయిందా?" అని అడిగింది. ఆరేళ్ళ పిల్ల లేవగానే అడిగిన మాట అది. తాత దగ్గరికొచ్చి, "అయిపాయనమ్మా. శానా బాగ జేసినావు" అన్నాడు. ఆ పిల్ల నాన్న వచ్చి ఎత్తుకున్నాడు. ఆయన తాత ముఖం చూడలేకపోయాడు. భుజం మీద తువ్వాలు తీసి పిల్లకు కప్పి, గబగబా వ్యాను వైపు వెళ్ళిపోయాడు.

వంటపాత్రలతో పాటు మేము ఎద్దులబండిలో జమ్మలమడుగు దారి పట్టాం. తాత వెనక కాళ్ళు వేలాడేసి కూచున్నాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను. మా అవ్వ, "అంగీకి గాదుమే, నీ నోటికి ఎయ్యల్ల కుట్లు" అని నా తొడ గిల్లింది. తాత వెనక్కి తిరిగి, "ఇడ్సిపెట్టక్కా. బిడ్డ చెప్పేటప్పటికి పొద్దు దిగింది గదా, ఇంగేంది?" అన్నాడు.

"ఊరంతా చెప్పుకుంటివే తెరమీన పేరని. ఇప్పుడేం జెప్తావప్పా?"

"దయ్యానికి పేరుంటాదా అంటా" అని, కాసేపటికి బండి గూటానికి ఆనుకుని నిద్రపోయాడు. చెవుల వెనక తెల్లరంగు ఇంకా అలాగే ఉంది. ఆయన్ను నేను మళ్ళీ చూడలేదు.

సినిమా మాత్రం చూశాను. నాకు పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చాక, డేరా టాకీసులో మూడు రోజులు ఆడింది. కొత్తగా తీయడానికి దుడ్లు లేక కాబోలు, తాత పాడుచేసినవన్నీ అలాగే పెట్టేశారు. దయ్యం బోర్లా పడింది, జుట్టు కంపకు తగులుకుంది, తుమ్మింది. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. సినిమా మొత్తం మీద నవ్వొచ్చింది అక్కడే. పిల్ల ఏడ్చేది లేదు. మొదట్లో పేర్లు పడేటప్పుడే నేను కళ్ళు చించుకుని చూశాను, ఆయన పేరూ లేదు. పక్కనున్న ఆమెకు ఇదంతా చెప్పబోతే, "గమ్మునుండుమే, సినిమా సూడనీ" అంది.

ఇప్పుడు మాకు రెండు మగ్గాలున్నాయి. మా ఆడబిడ్డ కూతురు, ఎనిమిదేళ్ళది, నా పక్కన రాట్నం దగ్గర కూచుని మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. బట్ట ఇవ్వాల్సిన గడువు దగ్గరపడితే మా ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర ఉండదు. మధ్యాహ్నమయ్యేసరికి ఆ పిల్ల కళ్ళు మూతలు పడతాయి. వద్దని చెబితే మా ఆయన వినడు, గడువూ వినదు. తగువు పడే ఓపిక నాకు లేదు. అప్పుడు నేను గుట్టుగా వేలితో పోగులు తెంపేస్తాను. "నూలు తెగిందబ్బా, చిక్కు పడింది. పాపా, నేను సరిజేసేదాకా అట్ల ఒరుగుపో" అంటాను. నీ చెయ్యి పడితే నూలు నిలవదని మా ఆయన తిడతాడు. ఆ తర్వాత మిగిలిన కండెలు నేనే చుట్టాలి, వీపు పట్టేస్తుంది. పోగు తెంపడానికి చెయ్యి ఆడని రోజులూ ఉంటాయి. ఆ రోజు పిల్ల తూగుతూ చుడుతూనే ఉంటుంది, నేను చూస్తూనే ఉంటాను, అన్నం దిగదు.

ఇంత వాగుడుకాయను, ఈ ఒక్క సంగతీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చదువు రాదు కాబట్టి ఇక్కడ రాయగలిగాను.