అప్పన్న మొదటిసారి ఎక్కిన శాలిహుండం కొండ

డిసెంబరు వస్తే చాలు, మా విజయవాడ వాళ్ళకి అరకు పూనకం వస్తుంది. కిందటేడు మేమూ వెళ్ళి, కార్ల వరసలో రెండు గంటలు ఇరుక్కుని, మంచుకి బదులు ముందు కారు పొగ చూసి వచ్చాం. ఈసారి జనం లేని చోటైతేనే కదులుతానని మావారికి ఖరాఖండిగా చెప్పేశాను. ఆయన పంతం పట్టి వెతికి, ఆమదాలవలసకి ఆరు కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య ఒక రైతు ఇంట్లో గది కుదిర్చారు. పొద్దుటి టిఫినుతో కలిపి రోజుకి పన్నెండు వందలు. విశాఖలో రైలెక్కితే రెండు గంటల్లోపే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ వస్తుంది. అది ఉన్నది ఆమదాలవలసలోనే. ఇంటి యజమాని అప్పన్న స్వయంగా తన ఆటో వేసుకుని అక్కడికి వచ్చాడు.

దారిలోనే మా ఉత్సాహం మీద నీళ్ళు చల్లాడు. ఇంటి వెనక ఉన్న రెండు గదులూ అతిథులకి ఇవ్వాలన్నది భార్య పైడమ్మ ఆలోచనట. ఈయనకి మొదటినుంచీ నచ్చలేదు. "ధాన్యం ఏసుకుందామని కట్టినానండి ఆ గదులు. ఎల్లుండి బస్తాలొచ్చేస్తాయి. అప్పటిదాకా సూసి, మనుషులు రాకపోతే గదులు నావి అని సెప్పేసినాను." ఇప్పటికి ఎంతమంది వచ్చారని అడిగితే, మాతో కలిపి మూడు జట్లన్నాడు. "అయినా ఏటున్నాదండి ఇక్కడ సూడ్డానికి?"

మర్నాడు ఏడింటికి పైడమ్మ పళ్ళెంలో బ్రెడ్డు, జామ్ పెట్టుకుని వచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. అవతల వసారాలో అప్పన్న పచ్చి ఉల్లిపాయ నంజుకుంటూ అంబలి తాగుతున్నాడు. మాకూ అదే పెట్టమన్నాను.

"అది సోడంబలమ్మా. పొలానికెళ్ళేవోళ్ళు తాగేది. పట్నమోళ్ళకి ఎలా పెడతాను?"

రాగుల్ని ఇక్కడ చోళ్ళంటారు. పులిసిన మజ్జిగ కలిపిన ఆ అంబలిని మావారు రెండు గ్లాసులు తాగి, మూడోదానికి గ్లాసు చాపారు. పైడమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "బాగున్నాదని మీవోళ్ళకి సెప్పమ్మా. పెళ్ళైన కాణ్ణించీ పొలం, పొయ్యి, అంతే. ఇలాగ నలుగురొచ్చి మాటాడితే నాకు పేణం లేచొస్తాది. ఒకసారి బస్తాలు ఏసేసినాడంటే ఆ గదులు మళ్ళీ నాకు రావు." నాకు నిజంగానే బాధేసింది.

ఎనిమిదిన్నరకి అప్పన్న ఆటోలోనే బయలుదేరాం. రోజంతటికీ వెయ్యి రూపాయలు. శ్రీకాకుళం మీదుగా కళింగపట్నం వైపు గంటకు పైగా ప్రయాణిస్తే శాలిహుండం. కొండ కింద ఆటో ఆపి, మమ్మల్ని వెళ్ళి రమ్మన్నాడు. చాలాసార్లు చూసి ఉంటారేమో అన్నాను.

"లేదండి. ఏభై రెండేళ్ళొచ్చినాయి, ఎప్పుడూ ఎక్కలేదు. ఇటికలు ఏటి సూస్తాం?"

నాలుగు వందల కిలోమీటర్లు దాటి వచ్చినదాన్ని, నాకు ఒళ్ళు మండింది. పైగా ముప్ఫై ఏళ్ళు బడిపంతులమ్మగా చేసిన నోరు. ఎక్కాల్సిందేనన్నాను. సణుక్కుంటూ వెనకే వచ్చాడు.

నెమ్మదిగా నడిచినా పావుగంటలో పైకి చేరాం. బౌద్ధుల కాలం నాటి ఇటుక స్తూపాలు, గుండ్రటి చైత్యాలు. అప్పన్న ముందు ఒక ఇటుకని జానతో కొలిచి, "ఇంతేసి ఇటికలా" అనుకున్నాడు. తర్వాత కొండ అంచుకి వెళ్ళి నిలబడ్డాడు. కింద ఇసుక మేటల మధ్య వంశధార, అటూ ఇటూ కోసిన చేలు, తూర్పున సన్నగా సముద్రం. కాసేపు వేలితో ఊళ్ళు చూపించాడు. మేం స్తూపాలన్నీ చుట్టి వచ్చినా ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు.

"మా ఆవిడ దీన్ని సూడలేదండి" అన్నాడు చివరికి.

మధ్యాహ్నం కళింగపట్నం తీరంలో చేపల కూరతో భోంచేసి, చీకటి పడకముందే ఇల్లు చేరాం.

మర్నాడు మేం సామాను సర్దుకుంటుంటే ధాన్యం ట్రాక్టరు వచ్చేసింది. పైడమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. అప్పన్న మాత్రం కూలీలని ఇంటి వెనక్కి పోనివ్వకుండా, ముందు గదిలోంచి తమ మంచం బయటికి లాగడం మొదలుపెట్టాడు.

"మావా, మన గదిలోకేటి?"

"మరెక్కడేస్తాను? ఎనక గదులకి మనుషులొస్తారు కదా."

"మనమెక్కడ పడుకుంటాం?"

"వసారా లేదేటి?"

పైడమ్మ వెళ్ళి మంచం రెండో కొస పట్టుకుంది.

గంట దూరంలో ఉన్న కొండ ఎక్కడానికి అప్పన్నకి యాభై రెండేళ్ళు పట్టిందని నవ్వుకున్నాను. విజయవాడలో పుట్టి పెరిగి నేను చూడనివి ఎన్నున్నాయో లెక్కేసుకున్నాక ఆ నవ్వు తగ్గింది. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా: చలి తగ్గాక చూద్దాంలే అనుకోకండి, ఒకరోజు ముందు ఫోన్ చేసి ఇప్పుడే వెళ్ళండి. ఆ ఇద్దరూ మంచులో వసారాలో పడుకుంటున్నారు. వెనక గదులు ఖాళీగా ఉంచకండి.