కోత లేని ఆపరేషన్

మా మేనమామకు చొక్కా ఎత్తి కడుపు చూపించాలని మహా సరదా. పెద్దపంజాణి దగ్గర ఆయన ఇంటికి ఎవరు బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చినా చెయ్యి చొక్కా అంచు మీదికి పోయేది. చూపించడానికి అక్కడ ఏమీ లేకపోవడమే ఆయన దుఃఖం.

కడుపులోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బితే, బెంగళూరు డాక్టర్లు ఆయన తొడ మొదట్లో చిన్న గాటు పెట్టి, ఆ దారినే లోపలికి గొట్టం పంపి అమర్చారు. వారం తిరక్కుండానే ఇంటికొచ్చాడు. ఇంకొకరైతే దేవుడికి మొక్కుకునేవారు. ఈయనకు నామోషీ అయింది.

"కడుపు కొయ్యలా, కుట్లు ఎయ్యలా. ఇది గూడా ఒక ఆపరేషనేనా? నలుగురికీ యాడ సూపించేదప్పా, పంచె ఇప్పాల్నా?" అని నా మీద ఎగిరాడు.

తర్వాత ఉపాయం దొరికింది. ఎప్పుడో ఎద్దు డొక్కలో కుమ్మిన మచ్చ చూపించి, ఇదే ఆపరేషన్ అనేవాడు. జనం నోళ్లు వెళ్లబెట్టేవారు.

గొట్టం పక్కనుంచి ఆ బుడగలోకి రక్తం ఊరే ప్రమాదం ఉందని, ఏటా స్కానింగ్‌కు రమ్మన్నారు డాక్టర్లు. నేను మదనపల్లె నుంచి కారు తీసుకుపోయినా ఎక్కలేదు.

"కొయ్యనిదానికి మళ్లా సూసేది ఏముండాదప్పా?" అన్నాడు.

రక్తం ఊరి ఊరి చివరికి ఆ బుడగ పగిలింది. ఈసారి డాక్టర్లు రొమ్ము కింది నుంచి పొత్తికడుపు దాకా కోశారు. అయినా బతకలేదు. నిలువునా కోత, వరసగా కుట్లు, అచ్చం ఆయన కోరుకున్నట్టే.

కొత్త చొక్కా తొడిగి, గుండీలన్నీ పెట్టి పడుకోబెట్టాం. చూడ్డానికి ఊరంతా వచ్చింది. చొక్కా ఎత్తేవాడే లేడు.